కార్తెల చుక్కలు ముసలివైతే

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ మాట ఎంత నిజమో బీదరు ఎర్ర మొరం నేల మీద రాత్రి తొమ్మిదింటికి చెప్పులు విప్పి నిలబడితే తెలుస్తుంది. రాయి ఇంకా పగటి వేడి కక్కుతూనే ఉంటుంది. ఊరికి తూర్పున అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులున్నాయి. వాటిలో హుమాయూన్ షా గుమ్మటం పిడుగుపాటుకు చీలి, పగిలిన కుండలా ఆకాశానికి తెరుచుకుని ఉంది. మే నెలాఖరు రాత్రి ఆ గుమ్మటం పక్కన నిలబడి తల పైకెత్తితే నారింజ రంగులో వెలిగేది స్వాతి. బీదరు అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు, ఆకాశంలో స్వాతి నడిచే దారి 19 డిగ్రీలు. అందుకే ఆ చుక్క ఇక్కడివాళ్ళకు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. ఆగ్నేయాన ఎర్రగా జ్యేష్ఠ లేస్తుంది. వాయవ్యాన పునర్వసు దిగిపోతూ ఉంటుంది. కార్తెకు పేరిచ్చిన రోహిణి మాత్రం ఎంత వెతికినా కనపడదు. సూర్యుడు రోహిణి పక్కకు చేరడమే రోహిణి కార్తె కదా. ఆ ఎండలకు పేరైన చుక్క ఆ ఎండ వెనకే దాగి ఉంటుంది.

జహీరాబాదు, నారాయణఖేడ్ దారుల్లో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి. తెలుగువాళ్ళు కార్తె అన్నదాన్ని కన్నడిగులు మళె అంటారు, పేర్లు మాత్రం అవే చుక్కలవి. ఆ చుక్కల్లో రోహిణి, ఆరుద్ర, పునర్వసు, స్వాతి, జ్యేష్ఠ, ఈ అయిదింటికీ ఒక పోలిక ఉంది. అయిదూ నడిప్రాయం దాటినవే. కడుపులో హైడ్రోజన్ అయిపోయి, ఉబ్బి, రంగు మారి, చివరి మజిలీలో ఉన్నవి.

ఈ సంగతి ఒకసారి అక్కడే ఒక పెద్దాయనతో చెప్పాను. కందులు, పెసలు వేసే మనిషి. కాసేపు ఊరుకుని అడిగాడు: "సూర్యుడు గూడ ముసలోడైతడా సారూ? అయితే భూమిని మింగుతడా, ఇడిసిపెడ్తడా?"

"రెండూ జరగొచ్చు తాతా" అన్నాను. తప్పించుకోడానికి చెప్పిన జవాబు కాదది. గత ముప్పై ఏళ్ళుగా ఖగోళ శాస్త్రం ఈ విషయం మీద కూడబెట్టినదంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. చావుకు దగ్గరైన చుక్క తన గ్రహాలను ఒక చేత్తో లోపలికి లాగుతుంది, ఇంకో చేత్తో దూరంగా వదులుతుంది. ఏ గ్రహానికి ఏ చెయ్యి అందుతుందన్నదే లెక్క.

ముందు వదిలే చెయ్యి సంగతి. చుక్క కడుపులో హైడ్రోజన్ హీలియంగా మారుతున్నంత కాలం అది నిలకడగా ఉంటుంది. నడిమధ్యన హైడ్రోజన్ అయిపోయాక హీలియం ముద్ద కుంచించుకుపోతుంది. దాని చుట్టూ ఉన్న పొరలో మంట ఇంకా ఎక్కువగా రాజుకుంటుంది, పై పొరలు పొంగుతాయి, పొంగినకొద్దీ చల్లబడి ఎర్రబారతాయి. ఇదే అరుణ దైత్య దశ. అంత ఉబ్బిన శరీరానికి పై పొరల మీద పట్టు తక్కువ. వాయువు, ధూళి గాలిలా అంతరిక్షంలోకి జారిపోతూ ఉంటాయి, చుక్క బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే గ్రహాల మీద దాని ఆకర్షణా తగ్గుతుంది. జొన్న చేలో పిట్టలను తోలేవాడు ఒడిసెల తిప్పుతూ తాడు మీద పట్టు సడలిస్తే రాయి దూరం జరిగినట్టు, గ్రహాల కక్ష్యలు నెమ్మదిగా పెద్దవవుతాయి. చుక్క సగం బరువు కోల్పోతే గ్రహం దాదాపు రెండింతల దూరానికి వెళ్ళిపోతుంది.

ఇక లాగే చెయ్యి. చంద్రుడు మన సముద్రాన్ని లేపినట్టే, దగ్గర్లో తిరిగే గ్రహం ఉబ్బిన చుక్క ఒంటి మీద ఒక పొంగును లేపుతుంది. చుక్క తన చుట్టూ తాను చాలా మెల్లగా తిరుగుతుంది, గ్రహం వేగంగా తిరుగుతుంది. అందుకని ఆ పొంగు ఎప్పుడూ గ్రహానికి కొంచెం వెనకబడి ఉంటుంది. వెనక నుంచి కొంగు పట్టి లాగినట్టు గ్రహాన్ని లాగుతుంది. గ్రహం కక్ష్య చుట్టుకుపోతూ లోపలికి దిగుతుంది. చుక్క సైజు కాస్త పెరిగినా ఈ లాగుడు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే చివరి అంకం చాలా త్వరగా ముగుస్తుంది.

ఈ రెండు చేతుల మధ్య భూమి ఎక్కడుంది? 2008లో మెక్సికోలోని గ్వానహువాటో విశ్వవిద్యాలయానికి చెందిన క్లాస్ పీటర్ ష్రోడర్, ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ కానన్ స్మిత్ చేసిన లెక్క నేటికీ అందరూ మొదట చూసేది. వాళ్ళ లెక్క ప్రకారం ఇంకో 759 కోట్ల ఏళ్ళకు సూర్యుడు ఇప్పటికి 256 రెట్లు ఉబ్బుతాడు. భూమి ఇప్పుడున్న దూరం సూర్యుడి వ్యాసార్ధానికి సుమారు 215 రెట్లే. అప్పటికి సూర్యుడు బరువులో మూడో వంతు పోగొట్టుకుని ఉంటాడు కనుక, వదిలే చెయ్యి ఒక్కటే ఉంటే భూమి దూరంగా జరిగి బతికిపోవాలి. లాగే చెయ్యి అలా పోనివ్వదని వాళ్ళ తీర్పు. ఇప్పటి దూరానికి 1.15 రెట్లు అవతల ఉన్న గ్రహమైతే దక్కుతుంది, దానికి ఇవతల ఉన్నది దక్కదు. బుధుడు, శుక్రుడు ఎలాగూ పోతారు. కుజుడు మిగులుతాడు. భూమి గీతకు ఇవతలే ఉంది, అదీ కొంచెంలో.

ఈ కొంచెం అన్నది నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ముసలి చుక్క ఎంత వేగంగా బరువు కోల్పోతుందన్న అంచనాను కాస్త అటూఇటూ చేస్తే భూమి మునగడం, తేలడం తారుమారవుతాయి. కనుక "సూర్యుడు భూమిని మింగేస్తాడు" అని పత్రికల్లో ఖాయంగా రాసేస్తున్నది నిజానికి మొగ్గు మాత్రమే. పెద్దాయనకు నేను చెప్పిన జవాబు అందుకే సగం సగంగా ఉంది. ఒకటి మాత్రం ఖాయం. ఇందులో మన ప్రాణాల ప్రసక్తి లేదు. సూర్యుడి వెలుగు ప్రతి 100 కోట్ల ఏళ్ళకు సుమారు పది శాతం పెరుగుతోంది. ఉబ్బడానికి ఎన్నో వందల కోట్ల ఏళ్ళ ముందే సముద్రాలు ఆవిరయ్యే దశ వస్తుంది. చివర్లో తేలాల్సింది మాడిన రాతిబంతి గతి ఒక్కటే.

సూర్యుడి భవిష్యత్తు చూడాలంటే నడినెత్తిన స్వాతిని చూస్తే చాలు. దాని బరువు సూర్యుడికి దాదాపు 1.1 రెట్లు, వయసు సుమారు 700 కోట్ల ఏళ్ళు. సూర్యుడి వయసు 460 కోట్లు. ఒకే వంశంలో పెద్దన్న లాంటిది. ఇప్పటికే 25 రెట్లు ఉబ్బింది, సూర్యుడికి 170 రెట్లు వెలుగుతోంది. దూరం 37 కాంతి సంవత్సరాలు, అంటే ఆకాశం లెక్కలో పక్కింటిదే. రోహిణిదీ అదే దారి: 65 కాంతి సంవత్సరాల దూరం, సూర్యుడికి సుమారు 44 రెట్ల వెడల్పు. 

లెక్కలు సరే, కళ్ళతో చూసిందేమిటి? ఇక్కడ కథ ఒక తెలుగు ఇంటిపేరు దగ్గరికి వస్తుంది. 2022 డిసెంబరులో హార్వర్డ్, స్మిత్‌సోనియన్ ఖగోళ భౌతిక కేంద్రంలో పనిచేస్తున్న శ్రేయస్ విస్సాప్రగడ, ఆయన సహచరులు కెప్లర్-1658బి అనే గ్రహం గురించి రాశారు. కెప్లర్ టెలిస్కోపు 2009లో మొట్టమొదట పట్టుకున్న గ్రహ సంకేతమే అది. అది గ్రహమేనని రూఢి కావడానికి మాత్రం 2019 దాకా పట్టింది. బృహస్పతికి దాదాపు ఆరు రెట్ల బరువున్న ఆ గ్రహం నడిప్రాయం దాటుతున్న ఒక చుక్క చుట్టూ 3.85 రోజులకొకసారి తిరుగుతుంది. కెప్లర్ కొలతలు, పాలోమార్‌లోని హేల్ టెలిస్కోపు కొలతలు, ఆ తర్వాత టెస్ ఉపగ్రహం కొలతలు కలిపి పదమూడేళ్ళ లెక్క తీస్తే, ఆ కక్ష్యాకాలం ఏడాదికి 131 మిల్లీసెకన్లు తగ్గుతోందని తేలింది. సెకనులో ఏడో వంతు కూడా కాదు. అయినా ఆ కొసరును పదమూడేళ్ళు ఓపిగ్గా కూడబెడితే తీర్పు బయటపడింది: గ్రహం లోపలికి దిగుతోంది, ఇదే వేగమైతే దాదాపు 25 లక్షల ఏళ్ళలో చుక్కలో కలిసిపోతుంది. ముసలితనం మొదలైన చుక్క చుట్టూ కక్ష్య చుట్టుకుపోవడం అంత స్పష్టంగా కనపడటం అదే మొదలు. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పని ఇది. పెద్ద పేలుడేదీ లేదు, గడియారం ఒక్కటే ఉంది.

పేలుడు లాంటి వార్త 2023 మే నెలలో వచ్చింది. శ్రవణ నక్షత్రం ఉన్న గరుడ మండలంలో, 12,000 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక చుక్క పది రోజుల్లో వంద రెట్లకు పైగా వెలిగి చల్లబడింది. 2020లో పాలోమార్ నుంచి ఆకాశాన్ని రాత్రుళ్ళు జల్లెడ పట్టే జ్వికీ సర్వేలో దొరికిన వెలుగది. బెంగళూరు ఐఐఎస్సీలో చదువుకుని అప్పటికి ఎంఐటీలో ఉన్న కిశలయ్ దే ఆ వెలుగు వెనక ఉన్నది రెండు చుక్కల ఢీ కాదని గుర్తించారు. అలాంటి ఢీలో వచ్చే శక్తిలో వెయ్యో వంతే ఇక్కడ వచ్చింది. అంటే చుక్కలో పడినది మరో చుక్క కాదు, గ్రహం. లోకమంతా "ముసలి చుక్క గ్రహాన్ని మింగింది" అని రాసింది.

అదే చోటును జేమ్స్ వెబ్ టెలిస్కోపు మళ్ళీ చూసిన ఫలితాలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. ర్యాన్ లావ్ నాయకత్వంలోని బృందం చెప్పింది: ఆ చుక్క అసలు ఉబ్బలేదు. దాని వెలుగు అరుణ దైత్యానికి ఉండాల్సినంత లేదు. బరువు సూర్యుడి బరువులో దాదాపు 70 శాతం. చుక్క పొంగి వచ్చి గ్రహాన్ని మింగలేదు. గ్రహమే లక్షల ఏళ్ళుగా చుట్టుకుంటూ వచ్చి పడింది. చావుకు దగ్గరైన చుక్క మింగుడుకు మనకున్న అతి పేరుపొందిన ఉదాహరణ అలా చేజారింది. దీన్ని శాస్త్రం ఓటమిగా నేను చూడను. లాగే చెయ్యి ఒక్కటే, ఉబ్బు సాయం లేకుండానే, ఇంత పని చేయగలదని తేలింది. ఇక ఉబ్బిన చుక్కల దగ్గర అది ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

ఒక్కొక్క చుక్కను పట్టుకుంటే ఇలా జారిపోతుంది. గుంపును లెక్కపెడితే? 2025లో ఎడ్వర్డ్ బ్రయంట్, విన్సెంట్ వాన్ ఐలెన్ ఆ పని చేశారు. టెస్ ఉపగ్రహం చూసిన, నడిప్రాయం దాటిన సుమారు అయిదు లక్షల చుక్కల దగ్గర, చాలా దగ్గరగా తిరిగే పెద్ద గ్రహాల కోసం వెతికారు. మొత్తం 130 గ్రహాలు, గ్రహాలనిపించేవి దొరికాయి. అందులో 33 కొత్తవి. అసలు సంగతి నిష్పత్తిలో ఉంది. ముసలితనం మొదట్లో ఉన్న చుక్కల దగ్గర 0.35 శాతానికి అలాంటి గ్రహాలుంటే, బాగా ఉబ్బిన అరుణ దైత్యాల దగ్గర 0.11 శాతానికే ఉన్నాయి. మూడింట రెండు వంతులు మాయం. మింగుతడా అన్న ప్రశ్నకు నా దృష్టిలో ఇంతవరకు వచ్చిన గట్టి జవాబు ఇదే. అయితే ఈ లెక్క చుక్కను అంటిపెట్టుకుని తిరిగే పెద్ద గ్రహాలకే వర్తిస్తుంది. భూమంత దూరంలో తిరిగేవాటిని ఇందులో పోల్చుకోకూడదు.

దీనికి ఎదురు నిలిచిన సాక్షి కూడా ఉంది. ధ్రువుడున్న మండలంలోనే 8 ఉర్సే మైనోరిస్ అనే చుక్క చుట్టూ 93 రోజులకొకసారి తిరిగే గ్రహం పేరు హల్లా, కొరియా దేశపు కొండ పేరు. ఆ చుక్క ఇప్పుడు కడుపులో హీలియం మండిస్తోంది. అంటే ఇప్పటికే ఒకసారి ఉబ్బి మళ్ళీ సర్దుకున్న దశ. ఆ ఉబ్బులో అది హల్లా కక్ష్యను దాటి వచ్చి ఉండాలి. హల్లా బతికి ఎలా ఉంది? 2023లో మార్క్ హాన్ బృందం ఒక వివరణ ఇచ్చింది: ఆ చుక్క బహుశా రెండు చుక్కలు కలిసి ఒకటైనది, అందుకే అంతగా ఉబ్బే అవసరం రాలేదు. లేదా ఆ కలయికలో విడుదలైన ధూళి నుంచే హల్లా పుట్టింది. రెండోదే నిజమైతే మరణం పక్కనే పురుడు జరిగిందన్నమాట.

ఇక మన కార్తెల చుక్కల సొంత గ్రహాల మాట. పునర్వసు జంటలో ఎక్కువ ప్రకాశించేది, 34 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నారింజ చుక్క. దాని చుట్టూ బృహస్పతికి కనీసం 2.3 రెట్లుండే గ్రహం 590 రోజులకు ఒకసారి తిరుగుతోందని 2006లో ఆర్టీ హాట్జెస్ బృందం ప్రకటించింది. 2015లో అదే హాట్జెస్ రోహిణి చుట్టూ 629 రోజుల గ్రహం ఉందన్నారు. కొన్నేళ్ళకు మరిన్ని కొలతలు చేర్చి చూస్తే రోహిణి లెక్క సరిగా పొసగలేదు. అసలు చిక్కు ఎక్కడంటే, గ్రహం లాగితే చుక్క ఊగుతుంది, ఆ ఊపునే మనం కొలుస్తాం. ముసలి చుక్క వొళ్ళే ఊగుతుంది, పొంగుతుంది, మచ్చలు పడుతుంది. ఏది గ్రహం లాగుడు, ఏది ముసలి శ్వాస? తేల్చడం కష్టం. పునర్వసు మీద బలహీనమైన అయస్కాంత క్షేత్రం ఉందని, దాని మార్పులే గ్రహంలా కనిపిస్తున్నాయేమోనని కూడా వాదన వచ్చింది. ఈ రంగంలో తొందరపడి పేర్లు పెట్టిన గ్రహాలు మరికొన్ని ఉండవచ్చని నా అనుమానం.

ముసలి చుక్కల వొంటిని చదవడంలో హైదరాబాదు పిల్లవాడొకడు వేసిన బాట ఉంది. 1956 దాకా బీదరు కూడా హైదరాబాదు రాజ్యంలోని జిల్లానే. ఆ రాజ్యంలో 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా వేధశాలలో మనాలి వేణు బప్పు తండ్రి పనిచేసేవారు. ఆ దూరదర్శినుల మధ్య పెరిగిన వేణు బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు రాజ్యం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1949లో హార్వర్డ్ వెళ్ళారు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక సూత్రం చెప్పారు: చల్లని చుక్కల వర్ణపటంలో కాల్షియం గీత నడుమ కనపడే వెలుగు ఎంత వెడల్పుంటే ఆ చుక్క అసలు కాంతి అంత ఎక్కువ. ఒక గీత వెడల్పు చూసి ఉబ్బిన చుక్క దూరం చెప్పవచ్చు. నేటికీ దాన్ని విల్సన్-బప్పు ఫలితమే అంటారు.

దక్కనులో ఆకాశాన్ని కొలవాలన్న కోరిక అంతకంటే పాతది. ఫిరోజ్ షా బహమనీ 1407లో దౌలతాబాదు దగ్గర వేధశాల కట్టించబోయాడు. నడిపించాల్సిన పండితుడు చనిపోవడంతో అది ఆగింది. 1472లో బీదరులో మహమూద్ గవాన్ కట్టించిన మదరసాలో గణితం, ఖగోళం చదువులో భాగం. 1696లో మందుగుండు పేలి సగం కూలిన ఆ భవనం ముందు మిగిలిన నీలిపలకల మినారు చూసినప్పుడల్లా, పూర్తికాని ఆ వేధశాలే గుర్తొస్తుంది.

కాల్షియం మళ్ళీ రావాలి. ఎందుకంటే గ్రహాల చావు కథలో బలమైన సాక్ష్యం దానిదే. సూర్యుడి లాంటి చుక్క పై పొరలన్నీ వదిలేశాక భూమంత సైజులో ఒక వేడి బొగ్గు మిగులుతుంది. అదే శ్వేత కుబ్జం. అందులో మంట లేదు, మెల్లగా చల్లారడమే. 1930లో ఇంగ్లండు వెళ్తున్న ఓడలో పందొమ్మిదేళ్ళ చంద్రశేఖర్ లెక్కవేసింది దీని గురించే: సూర్యుడికి 1.4 రెట్లకు మించితే అలాంటి చుక్క నిలబడదు. శ్వేత కుబ్జం మీద ఆకర్షణ ఎంత గట్టిదంటే బరువైన మూలకాలన్నీ అడుక్కు దిగిపోతాయి. పైన మిగలాల్సింది శుద్ధ హైడ్రోజన్, లేకపోతే హీలియం. కొన్నిటిలో దిగిపోవడానికి రోజులే చాలు, కొన్నిటిలో లక్షల ఏళ్ళు. చుక్క వయసు ముందు అదీ రెప్పపాటే.

అలాంటప్పుడు వాటి వర్ణపటంలో కాల్షియం, ఇనుము, మెగ్నీషియం కనపడితే? ఎవరో తాజాగా వేసి ఉండాలి. శ్వేత కుబ్జాల్లో పావు నుంచి సగం వరకు ఇలా మైలపడి ఉన్నాయి. అందులో మొదటిది 14 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాన్ మానెన్ చుక్క. దాని వర్ణపటాన్ని 1917లో మౌంట్ విల్సన్ వేధశాలలో వాల్టర్ ఆడమ్స్ ఒక గాజు పలక మీద తీశారు. కాల్షియం గీతలు స్పష్టంగా ఉన్నాయి. అర్థం చెప్పగలిగినవాడు అప్పటికి లేడు. పలక అలమారలోకి వెళ్ళింది. సరిగ్గా అవే ఏళ్ళలో హైదరాబాదు నిజామియాలో కూడా గాజు పలకల మీద ఆకాశపటం కోసం ఏడు లక్షలకు పైగా చుక్కలు నమోదవుతున్నాయి. దాదాపు వందేళ్ళ తర్వాత జే ఫారిహి ఆ 1917 పలకను వెతికించి తెప్పించుకున్నారు. సూర్యుడు కాని చుక్కకు గ్రహ కుటుంబం ఉందనడానికి మనిషికి దొరికిన తొలి ఆధారం ఆ పలకే. పాత పలకలను, పాత రిజిస్టర్లను తుక్కుగా చూసేవాళ్ళకు ఇది చెప్పాలనిపిస్తుంది.

ఆ కాల్షియం ఎక్కడిది? మైకేల్ జూరా 2003లో చెప్పిన బొమ్మ ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నది. చుక్క బరువు తగ్గి కక్ష్యలు మారినప్పుడు మిగిలిన గ్రహాలు చిన్న రాళ్ళను తోసేస్తాయి. ఏదో ఒకటి శ్వేత కుబ్జానికి మరీ దగ్గరగా వెళ్తుంది. దగ్గరి వైపు లాగుడు, దూరపు వైపు లాగుడు మధ్య తేడాకు అది పిండి పిండవుతుంది, ఉంగరంలా చుట్టూ పరుచుకుని నెమ్మదిగా చుక్క మీద రాలుతుంది. 2015లో ఆండ్రూ వాండర్‌బర్గ్ బృందం డబ్ల్యుడి 1145+017 చుట్టూ దాదాపు నాలుగున్నర గంటలకొకసారి తిరుగుతూ ముక్కలవుతున్న రాళ్ళనే పట్టుకుంది. 2022లో చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు జి29-38 అనే శ్వేత కుబ్జం మీద రాలుతున్న శిథిలాల ఎక్స్‌కిరణాలను చూసింది. ఎవరి లెక్కతో శ్వేత కుబ్జం అర్థమైందో ఆ పేరున్న పరికరమే దాని చివరి ముద్దను చూడటం నాకు సంతోషం.

రాలిన ధూళిలో ఏ మూలకం ఎంత ఉందో కొలిస్తే పోయిన గ్రహం దేనితో చేయబడిందో తెలుస్తుంది. బతికున్న గ్రహాల కడుపు మనం కోసి చూడలేం, చచ్చిన గ్రహాల కడుపు ఇలా చూడగలం. ఎక్కువ భాగం ఆక్సిజన్, మెగ్నీషియం, సిలికాన్, ఇనుము. అంటే భూమి లాంటి రాయి. 2013లో ఫారిహి, బోరిస్ గెన్సికె, డెట్లెవ్ కోస్టర్ జిడి 61 అనే శ్వేత కుబ్జం మీద రాలిన రాయిలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని, అది ఒకప్పుడు నీటిని మోసిన రాయని చూపించారు. ఆరిపోయిన పొయ్యి బూడిద చూసి ఏం వండారో చెప్పినంత పని.

ఇంతా చేసి, బతికి బయటపడిన గ్రహాలూ ఉన్నాయి. 2020లో డబ్ల్యుడి 1856+534 అనే శ్వేత కుబ్జం చుట్టూ 1.4 రోజులకొకసారి తిరిగే బృహస్పతి సైజు గ్రహం దొరికింది. గ్రహం చుక్క కంటే ఏడింతలు పెద్దది! చుక్క ఉబ్బినప్పుడు అక్కడ ఉంటే అది పోయి ఉండాలి. కనుక తర్వాత ఎక్కడో దూరం నుంచి లోపలికి వచ్చి ఉండాలి. 2025లో జేమ్స్ వెబ్ దాని వేడిని కొలిస్తే సున్నాకు దిగువన దాదాపు 87 డిగ్రీలు. ఇంత చల్లని గ్రహం సొంత వెలుగు నేరుగా కనపడటం అరుదు. దీనికి ఎదురు, డబ్ల్యుడిజె 0914+1914. 2019లో గెన్సికె బృందం చూసిన దాని ప్రకారం, మండుతున్న ఆ శ్వేత కుబ్జం చుట్టూ నెప్ట్యూన్ లాంటి గ్రహం హైడ్రోజన్, ఆక్సిజన్, గంధకం ఊడ్చుకుపోతూ ఆవిరవుతోంది.

దూరంగా ఉన్నవి నెమ్మదిగానే ఉన్నాయి. 2021లో టాస్మేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా బ్లాక్‌మన్ బృందం, బృహస్పతి లాంటి గ్రహం బృహస్పతి లాంటి దూరంలో ఒక శ్వేత కుబ్జం చుట్టూ తిరుగుతోందని చూపింది. 2024లో కెమింగ్ జాంగ్ బృందం సుమారు 4,000 కాంతి సంవత్సరాల దూరంలో భూమికి 1.9 రెట్ల బరువున్న గ్రహాన్ని ఒక శ్వేత కుబ్జం దగ్గర గుర్తించింది. ఇప్పుడు అది భూమికి రెండింతల దూరంలో ఉంది. చుక్క బరువు కోల్పోక ముందు బహుశా భూమంత దూరంలోనే ఉండేది. ఇడిసిపెడ్తడా అన్న పెద్దాయన సగం ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి సాక్షి ఇంకొకటి లేదు.

జ్యేష్ఠ, ఆరుద్ర కథ వేరు. సూర్యుడికి పదింతలకు పైబడిన బరువున్న చుక్కలవి, పేలి చస్తాయి. 2019 చివర నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఆరుద్ర ఎంతగా మసకబారిందో మామూలు కంటికే తెలిసింది, పేలబోతోందని గోల పుట్టింది. తన ఒంటి నుంచి తానే ఊదిన ధూళి ముసుగు అది. అలాంటి చుక్క పేలినప్పుడు సగానికి మించిన బరువు ఒక్కసారిగా పోతే గ్రహాలు వదిలిన రాయిలా ఎగిరిపోతాయి. బీదరు బిద్రీ కంసాలి రాగి కలిపిన తుత్తునాగపు కలశం మీద వెండి తీగ పొదిగి, కోట మట్టితో నల్లబరుస్తాడు. ఆ లోహాల్లో చాలా భాగం అలాంటి చావుల్లో పుట్టి, చెల్లాచెదురై, మళ్ళీ గ్రహంలో చేరినవే.

అయితే పేలుడు తర్వాత మిగిలిన న్యూట్రాన్ తారల చుట్టూ గ్రహాలుంటాయని ఎవరూ అనుకోలేదు. 1991 జులైలో ఆండ్రూ లైన్ బృందం అలాంటి ఒక తార, ఒక పల్సార్ చుట్టూ గ్రహం కనుగొన్నామన్నారు. ఆరు నెలల తర్వాత భూమి కక్ష్య సవరణలో జరిగిన పొరపాటు వల్ల అది కనపడిందని తెలిసింది. 1992 జనవరిలో అట్లాంటాలో నిండు సభ ముందు లైన్ లేచి తన తప్పు తానే చెప్పారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే అలెగ్జాండర్ వోల్ష్చన్ లేచి, డేల్ ఫ్రైల్‌తో కలిసి కన్యా రాశిలోని మరో పల్సార్ చుట్టూ రెండు గ్రహాలు కనుగొన్నామని చెప్పారు. అవి నిలబడ్డాయి. సౌర కుటుంబం బయట నిర్ధారణ అయిన మొదటి గ్రహాలు అవే. చచ్చిన చుక్క చుట్టూ, బహుశా ఆ చావు మిగిల్చిన ధూళి నుంచే పుట్టినవి.

మన బృహస్పతి, శని సూర్యుడి చావును దాటుతాయి. కక్ష్యలు దాదాపు రెండింతలవుతాయి. ఆ తర్వాత దారిన పోయే చుక్కలు ఒకదాని వెంట ఒకటి తగులుతూ, దాదాపు 10,000 కోట్ల ఏళ్ళలో చివరి గ్రహాన్నీ తప్పిస్తాయని 2020లో జోన్ జింక్, కాన్స్టాంటిన్ బటిగిన్, ఫ్రెడ్ ఆడమ్స్ లెక్కవేశారు. సూర్యుడు అప్పుడు ఒంటరి.

పెద్దాయన మొన్న కార్తె మారిందని చెప్పాడు. మృగశిర దాటి ఆరుద్ర వచ్చింది, పెసర విత్తనం నేలలో పడింది. జూన్ నెలాఖరులో మబ్బు తెరిపి ఇచ్చిన రోజు తెల్లవారుజామున అష్టూరు వైపు చూస్తే తూర్పున, నేలకు కాస్త పైన, రోహిణి మళ్ళీ కనపడింది. నెల పైగా సూర్యుడి వెనక ఉన్న చుక్క. దాని చుట్టూ 629 రోజుల గ్రహం ఉందో లేదో ఇంకా కొలుస్తున్నారు.